డ్రిల్లమ్మ ఈల

“ఆ స్విచ్చి ముట్టుకోకు!”

డ్రిల్లనగానే ఫ్యాను కట్టేసి లేవబోయిన టైలరు చేతిని డ్రిల్లమ్మ గభాల్న పట్టుకుంది. సెల్లారు మెట్లెక్కి వచ్చిందేమో, రొప్పుతోంది.

“అదేమిటండీ, దుకాణం వదిలి పోయేటప్పుడు ఫ్యాను ఆపొద్దా?”

“డ్రిల్లులో ఉన్నవి ఉన్నట్టు వదిలేసి లేవాలి. నీ వెనక బ్లాకు మొత్తం ఇప్పుడే ఆటస్థలంలోకి దిగాలి. లే తమ్ముడూ.”

ఆవిడ బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయింది. బడి వదిలినా ఈల వదల్లేదు. ఈ అపార్టుమెంట్ల రక్షణ కమిటీకి ప్రెసిడెంటయ్యాక అది మెడలోంచి దిగిందే లేదు. ముందు బ్లాకుకి మందుల షాపాయన పెద్ద, వెనక బ్లాకుకి టైలరు. వీధి దీపాలు వేయించినా, మలుపు దగ్గర స్పీడు బ్రేకరు కట్టించినా ముగ్గురూ కలిసే తిరిగారు. పేచీ అంతా డ్రిల్లు దగ్గరే.

కిందటేడు ఎవరింట్లోనో కూర మాడితే, ఇంకెవరో “మంటలు!” అని అరిచారు. జనం మెట్ల మీద ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. ఓ ఇల్లాలి కాలు విరిగింది. అప్పట్నుంచీ డ్రిల్లమ్మ చెప్పాపెట్టకుండా డ్రిల్లు పెట్టడం, జనం సగం మెట్లు దిగి సీరియలు టైమయిందని వెనక్కి పోవడం మామూలైపోయింది.

“ఇదే ఆఖరుసారండీ,” అన్నాడు టైలరు ముక్కు తుడుచుకుంటూ. వారంగా జలుబు అతన్ని వదలడం లేదు. “ఈసారి ఒక్కరు లోపల మిగిలినా కమిటీ మూసేద్దామన్నాను. మీరూ సరేనన్నారు.”

“అన్నాను. అందుకే మీ అమ్మగార్ని కూడా దింపు.”

టైలరు మొహం మాడిపోయింది. “మంచం పట్టిన మనిషిని ఉత్తుత్తి డ్రిల్లు కోసం మూడో అంతస్తు నుంచి మొయ్యమంటారా? ఆవిడ సంగతి ఈసారికి వదిలెయ్యండి.”

“ప్రతిసారీ ఆ మాటే అన్నావు, వదిలేశాను. ఇవాళ వదలను. కావాలంటే నీ కాళ్ళు పట్టుకుంటాను.”

అనడమే కాదు, వంగింది కూడా. టైలరు ఎగిరి వెనక్కి గెంతాడు. తల్లి లాంటి మనిషి, ఒక్క డ్రిల్లు కోసం ఇంత దిగజారాలా అని ఒళ్ళు మండింది. అయినా తల ఊపాడు.

“బెల్లు నొక్కకు, చేత్తో తలుపు తట్టు. లిఫ్టు వద్దు. ఫోన్లు ఇంట్లోనే వదిలెయ్యమను. ఎవర్నీ పరుగెత్తనివ్వకు. నవ్వుతూ చెప్పు.”

“నవ్వుతూనా?”

“నవ్వుతూనే,” అంది ఆవిడ, పెదాలు తడుపుకుంటూ.

బయట మందుల షాపాయన ఫోను చేత పట్టుకుని, బొజ్జ ఊపుకుంటూ వీధి చివరికి పరుగెడుతున్నాడు. గల్లాపెట్టె దగ్గర్నుంచి లేవడానికే బద్ధకించే మనిషి!

“ఈయనకీ పట్టిందన్నమాట డ్రిల్లు పిచ్చి,” అనుకుని టైలరు మెట్లెక్కాడు.

నవ్వుతూ తలుపులు తట్టాడు. సణుక్కుంటూ బయటికొచ్చారు. “అన్నా, మెట్ల దగ్గర ఏదో కంపు,” అంది ఒకావిడ.

“మురిక్కాలవ మళ్ళీ పొంగి ఉంటుందమ్మా. రేపు మున్సిపాలిటీ వాళ్ళతో పోట్లాడదాం. నా ముక్కు పనిచెయ్యకపోవడం నా అదృష్టం!”

దుప్పటి మీదికి అమ్మను జరిపి తను ఓ కొస పట్టుకున్నాడు. ఎదురింటి డ్రైవరు వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. బండి పెట్టే చోటు కోసం కొట్టుకుని ఇద్దరికీ మాటల్లేక చాలాకాలమైంది. “మెల్లిగా, పెద్దమ్మ తల జాగ్రత్త,” అన్నాడు ఆ డ్రైవరే. మిగతా కొసలకి ఇంకో ఇద్దరు తయారు.

ఆ తర్వాత చూసింది టైలరు జీవితంలో మరిచిపోలేడు. దుప్పటి కనపడగానే మెట్ల మీదున్న వాళ్ళంతా గోడకి ఒదిగి దారిచ్చారు. ఒకళ్ళ పిల్లని ఇంకొకళ్ళు ఎత్తుకున్నారు. కాలు విరిగిన ఇల్లాలు పక్కింటి ముసలాయనకి తన కర్ర ఇచ్చి, గోడ పట్టుకుని దిగింది. అరుపు లేదు, తోపులాట లేదు. అంత మంది ఉన్నా చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. రోజూ కుళాయి దగ్గర కొట్లాడుకునే జనమేనా వీళ్ళు?

కింద డ్రిల్లమ్మ సెల్లారు మెట్లకి అడ్డంగా నిలబడి ఉంది. “బళ్ళు తియ్యొద్దు, నడిచే వెళ్ళండి,” అని ఒక్కొక్కరినీ పంపి, అందరి వెనకా తను వచ్చింది.

ఆటస్థలంలో అమ్మ కళ్ళు చికిలించి పైకి చూసింది. “ఎంత ఆకాశంరా!” అంది.

డ్రిల్లమ్మ ఈల ఊదింది. “ముందు బ్లాకు?”

“అందరూ దిగారు!” మందుల షాపాయన ఆయాసపడుతూ అరిచాడు.

“వెనక బ్లాకు?”

“అందరూ! మా అమ్మతో సహా!”

డ్రిల్లమ్మ ఉన్నచోటే మట్టిలో కూలబడింది. పెద్దామె చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కమిటీ నిలబడినందుకే ఇంత ఏడుపా అని టైలరు సిగ్గుపడ్డాడు. ఇలాంటి మనిషినా ఇన్నాళ్ళూ ఏడిపించాననుకున్నాడు.

అంతలో గంట మోగించకుండా ఫైరింజను వచ్చింది. “అబ్బో, ఏర్పాట్లు గట్టివే!” అన్నాడు డ్రైవరు. ఫైరువాళ్ళు తిన్నగా సెల్లారులోకి, సెలవని మూసిన హోటలు వాళ్ళ స్టోర్ రూమ్‌లోకి వెళ్ళారు. కాసేపటికి తడి గోనె కప్పిన గ్యాసు సిలిండరొకటి పసిబిడ్డని మోసినట్టు మోసుకొచ్చి, దూరంగా ఖాళీ స్థలంలో దించారు.

“నటన అదిరింది!” అంటూ టైలరు చప్పట్లు కొట్టాడు. జనమంతా కొట్టారు.

ఆఫీసరు హెల్మెట్ తీశాడు. చెమటకి చొక్కా తడిసి ముద్దయింది. టైలరు ఛాతీ విరుచుకుని ఎదురెళ్ళాడు.

“ఎలా ఉందండీ మా డ్రిల్లు?”

ఆఫీసరు అయోమయంగా అతని వంక చూశాడు.

“డ్రిల్లని ఎవరన్నారండీ?”