ఫైనల్లో పారిపోయినవాడు

"గోడ వెనక దాక్కున్నాను కదా! ఎలా చచ్చాను?"

లెక్కల మాస్టారి కేకకి వంటింట్లో భార్య చేతిలోని గరిటె జారిపోయింది.

"ఆట రాక నెట్‌ని తిట్టకండి," అందావిడ.

ఆయనకి ఒళ్లు మండిపోయింది. రాకపోవడమేమిటి? ఆయన ట్రిగ్గర్ నొక్కితే బుల్లెట్ తీరిగ్గా బయల్దేరుతోంది. ఈలోగా అవతలివాడు కాల్చేసి చక్కా పోతున్నాడు. పాడు ల్యాగ్!

ఊళ్లోని జట్లన్నిటికీ పెట్టిన షూటింగ్ గేమ్ పోటీ అది. ఆరు నెలల కష్టం. ఐదు రౌండ్ల ఫైనల్లో అప్పుడే రెండు పోయాయి. ఇంకొక్కటి పోతే ఇంటికే.

అరగంట విరామంలో నెట్ కంపెనీకి ఫోన్ చేశారు. వారంలో అది ఏడోసారి. "మీ కాల్ మాకు చాలా ముఖ్యం" అని చెప్పి పాట పెట్టారు.

"ముఖ్యమట, ముఖ్యం! స్తంభం ఎక్కే మనిషి ఒక్కడైనా ఉన్నాడా మీ దగ్గర?"

చెవిలోని ఇయర్‌ఫోన్లో, ఆటలో 'గుడ్లగూబ' అని పేరు పెట్టుకున్న జట్టువాడి గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది. జట్టులో గురి తప్పనివాడు అతనే. రెండేళ్లుగా కలిసి ఆడుతున్నారు గానీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు; గొంతు కూడా ఆ గరగరలో విన్నదే.

"కెప్టెన్ గారూ, మీ ఇల్లెక్కడ?"

"పాల డిపో వెనక సందు, చివరి మేడ. ఏం, పరామర్శకి వస్తావా? ముందు ఆట చూడు."

"ఆట కోసమే ఇవాళ సెలవు పెట్టానండీ."

అంతే, మళ్లీ మాట లేదు. మూడో రౌండ్ ముందు ఒక్క మెసేజ్ వచ్చింది: "మీరు మొదలెట్టండి. వచ్చేస్తాను."

"ఓడిపోతున్నామని జారుకున్నాడు, పిరికివాడు!"

జట్టులోంచి తీసెయ్యడానికి మాస్టారు తెర మీద అతని పేరు నొక్కారు. ఒకసారి తీసేస్తే మళ్లీ చేర్చుకునే వీల్లేదని హెచ్చరిక వచ్చింది. పూర్తిగా చదవకుండానే 'సరే' కొట్టి, అదనపు ఆటగాణ్ణి దించారు.

రౌండ్ మొదలైన రెండో నిమిషంలో ల్యాగ్ మంత్రం వేసినట్టు మాయమైంది. నొక్కగానే పేలింది. పేలగానే తగిలింది. వరసగా మూడు రౌండ్లూ కొట్టేశారు.

తలుపు చప్పుడైంది. గుమ్మంలో నడుముకి తాడు కట్టుకున్న నెట్ కంపెనీ లైన్‌మాన్. మోచెయ్యి గీరుకుపోయి నెత్తురు కారుతోంది.

"స్తంభం మీద జాయింట్ తుప్పు పట్టిందండీ. మార్చేశాను."

"ఇప్పటికి తీరిందా? మీ నిర్వాకానికి రెండు రౌండ్లు పోయాయి!"

"మరి... గెలిచారా?"

"గెలిచాం! మధ్యలో ఒకడు పారిపోయినా సరే, గెలిచాం!"

లైన్‌మాన్ ముఖం వెలిగిపోయింది. "సంతోషమండీ."

"ఆగు. పని అయినట్టు కాగితం మీద సంతకం పెట్టించుకోవా?"

"వద్దండీ. ఇవాళ నాకు డ్యూటీ లేదు."

మాస్టారు ఇంకేదో అడగబోయారు.

మెట్లు దిగుతూ అతను ఆత్రంగా జేబులోంచి ఫోన్ తీసి, ఉన్నచోటే ఆగిపోయాడు. తెర మీద గుడ్లగూబ బొమ్మ, దాని కింద 'కెప్టెన్ మిమ్మల్ని జట్టులోంచి తీసేశారు' అని ఉంది.