ఎర్రవంపు హాల్టు

"సొంతూరికి పోయేటోళ్లు ఎవరన్న సద్ది కట్టుకపోతరా అవ్వా?" రొట్టె తుంచుకుంటూ అడిగాడు భానుప్రకాశ్.

అశోక్‌నగర్ మలుపులో ఎల్లవ్వ జొన్నరొట్టెల బండి. బండి కింద రేపటి ప్రయాణానికి సర్దిన సరంజామా ఉంది. సద్ది గిన్నెలు, నీళ్ల క్యాన్లు, సున్నం డబ్బా, కొత్త చీపురు.

"అలవాటు బిడ్డా."

"నీళ్లు గూడనా?"

"అక్కడి నీళ్లు ఇప్పుడు మంచిగ లేవు."

"మరి చీపురెందుకు?"

"ఊరన్నంక ఊడ్వొద్దా?"

అడిగినదానికి అడిగినంతే జవాబు. ఎల్లవ్వ తీరే అంత. భానుప్రకాశ్ సిద్దిపేట దిక్కు నుంచి వచ్చి, రెండేళ్లుగా హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్నాడు. రాత్రి తిండి ఈ బండి దగ్గరే, ఒక్క అమావాస్య నాడు తప్ప. ఆ రోజు మేస్త్రీ పనులు బంద్ ఉంటాయి. చిక్కడపల్లి బస్తీలో ఉండే ఎర్రవంపు వాళ్లంతా పిల్లాజెల్లాతో పొద్దున్నే కాచిగూడలో ప్యాసింజరెక్కి పోతారు. ఎంత మురిపెంగా పోతారో, పొద్దుగూకేసరికి అంత బుద్ధిగా తిరిగొస్తారు. కాత ఉన్న రోజుల్లో అయితే మర్నాడు ఎల్లవ్వ అతనికి రొట్టెతో పాటు రెండు సీతాఫలాలు పెడుతుంది. అంత తియ్యటి పండు నారాయణగూడలో ఎంత పెట్టినా దొరకదు.

అంతలో ఆమె పెనిమిటి పీరయ్య వచ్చాడు. నారాయణగూడలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. ముఖం వాడిపోయి ఉంది.

"హాల్టు ఎత్తేస్తరట" అన్నాడు.

ఎల్లవ్వ చెయ్యి ఆగింది. పెనం మీది రొట్టె మాడింది. ఆమె చేతిలో రొట్టె మాడడం భానుప్రకాశ్ అంతవరకు చూడలేదు.

"ఎవరన్నరు తాతా?"

"టికెట్లిచ్చే సారే చెప్పిండు. ఎర్రవంపుల బండి ఆపుడు దండుగంటున్నరట. వచ్చే వారం పెద్దాఫీసరు వస్తడు, చెప్పుకోవాల్నంటే ఆయనకే చెప్పుకోవాలె."

పీరయ్య రాయి మీద కూలబడ్డాడు. పాత సంగతులు తనంతట తానే అందుకున్నాడు.

"పొగబండ్లున్నప్పుడు మా దగ్గర ఆగని బండి లేదు బిడ్డా. ఇంజన్లు మా ఊర్లనే నీళ్లు తాగేవి. నేను పంపు దగ్గర ఉంటి. ఇగో, ఈమె బొగ్గు ఏరేది. ముప్పై గడప, ఒక బడి, రెండు చాయ హోటళ్లు. పెండ్లి ముహూర్తం గూడ బండి టైము చూసి పెట్టుకునేది. తర్వాత పట్టాలు పెద్దగ చేసిండ్రు, డీజిల్ బండ్లొచ్చినయ్. డీజిల్ బండికి నీళ్లెందుకు? ఆగుడు బందాయె. ఒక్క ప్యాసింజర్ మిగిలింది, ఇప్పుడు దాని మీద పడ్డరు."

"ఆఫీసర్‌తోని నేను మాట్లాడత తాతా" అన్నాడు భానుప్రకాశ్. చదివిన చదువుకు ఎక్కడా పని దొరక్క చెయ్యి దురదగా ఉన్నవాడు.

వారమంతా తయారయ్యాడు. నిండు చూలాళ్లు, బడి పిల్లలు, పాల క్యాన్లు అంటూ కన్నీళ్లు తెప్పించే ప్రసంగం ఒకటి అల్లి పీరయ్యకు వినిపించాడు. ముసలాయన ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

"గవన్నీ వద్దు బిడ్డా. టికెట్లు కొంటున్నం, పోతున్నం, వస్తున్నం. గంతే చెప్పు."

అడగందే అమ్మైనా పెట్టదు, వీళ్లకు అడగడమే రాదు అని భానుప్రకాశ్ జాలిపడ్డాడు.

కాచిగూడలో ఆఫీసర్ ముగ్గురినీ సూటిగానే అడిగాడు. "అమావాస్యకు తప్ప మిగతా రోజుల్లో టికెట్లు అంతంతమాత్రమే. ఎందుకని?"

భానుప్రకాశ్ ప్రసంగం రాసుకున్న కాగితం తిరగేశాడు. అందులో అమావాస్య మాటే లేదు. పీరయ్యే చేతులు కట్టుకొని ముందుకొచ్చాడు.

"మాది కూలిపని సారూ. అమావాస్యకే సెలవు."

"బస్సులో పోవచ్చుగా?"

"రోడ్డు లేదు సారూ. రైలు తప్ప దారి లేదు."

ఆఫీసర్ కలం పక్కన పెట్టాడు. "రోడ్డు కూడా లేని ఊరికి రైలు కూడా తీసేస్తే ఎలా?" అని తనలో తానే అనుకున్నట్టు అన్నాడు. ఇంకో ఏడాది అక్కడ బండి ఆపుతామని చెప్పాడు. బయటికొచ్చాక ఎల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. మాట్లాడింది రెండు ముక్కలు కూడా లేకపోయినా, రెండేళ్లలో తాను పాసైన మొదటి పరీక్ష ఇదేనని భానుప్రకాశ్‌కు గర్వంగా అనిపించింది.

"వచ్చే అమావాస్యకు నువ్వు గూడ రావాలె" అంది ఎల్లవ్వ.

వెళ్లాడు. ఎర్రవంపులో బండి ఆగీ ఆగగానే జనం బిలబిలా దిగారు. ఒక పక్క ఎత్తయిన మట్టికట్ట, ఒక పక్క రైలు, నడుమ పొట్టి ప్లాట్‌ఫారం. నీళ్ల క్యాను దించి అతను వీపు నిమురుకునేలోపు ఎల్లవ్వ చీపురందుకుంది. మేస్త్రీ ముత్యాలు ప్లాట్‌ఫారం అంచు రాళ్లకు సున్నం వేయడం మొదలుపెట్టాడు. ఇళ్లకు పోకముందే సర్కారు ఆస్తిని శుభ్రం చేసే మనుషులను భానుప్రకాశ్ ఎక్కడా చూడలేదు.

"ఇగ ఊర్లకు పోదామా తాతా? మీ ఇల్లెటు?"

పీరయ్య ఎర్రవంపు అని రాసున్న బోర్డు కింద చాప పరిచాడు. చెప్పులు చాప బయట విడిచి, కాళ్లు కడుక్కొని, లోపలికి అడుగుపెట్టి కూర్చున్నాడు.

"వచ్చినం గద బిడ్డా. చెప్పులిడిచి లోపలికి రా."

గార్డు పచ్చజెండా ఊపాడు. బండి కదిలింది. చివరి పెట్టె ప్లాట్‌ఫారం దాటిపోయింది.

అవతల కనుచూపు మేర సీతాఫలం పొదలే తప్ప ఒక్క ఇల్లూ లేదు.