కళ్లు మూయించిన ప్రార్థన

మేడ్చల్‌లో మట్టిగోడల చర్చి. సాయంత్రం ఆరాధన మొదలవుతుండగా గుమ్మంలో ఒక కొత్త మనిషి నిలబడ్డాడు. కాళ్లు ఎడంగా పెట్టి, చెయ్యి గోడకు ఆనించాడు.

"అబ్రహామయ్య అంటే మీరేనా? ఒక మాట జెప్పాలె."

"ప్రార్థన అయినంక జెప్పు," అన్నాడు సంఘపెద్ద అబ్రహాం.

ఆ ప్రార్థన ఆయన ఏ వారమూ మానలేదు. పందొమ్మిది వందల నలభై మూడు వానాకాలంలో కూతురు ఎలీషమ్మ శామీర్‌పేట చెరువు తూము దగ్గర లోతు నీళ్లలో పడింది. ఎవరో దూకి, కాలు పట్టి లాగి, గట్టున పడుకోబెట్టి వెళ్లిపోయాడు. పిల్ల దక్కింది. ఒక కాలి కడియం పోయింది. రెండోది తల్లి రాహేలు తీయనివ్వలేదు.

"ఆ మనిషిని ఒక్కసారి నా కండ్లకు సూపియ్యి ప్రభువా!" అని అబ్రహాం ఈ సాయంత్రమూ మొదలుపెట్టాడు.

అందరూ నిలబడి కళ్లు మూసుకున్నారు. కొత్త మనిషి మూయలేదు. అది అబ్రహాం చూశాడు. మరి ఆయన కళ్లెందుకు తెరుచుకున్నాయని అడిగే ధైర్యం ఎవరికుంది!

"ఏందిది? దేవుని ముందట గుడ్లు తెరుస్తవా? గోడ ఇడువు. కండ్లు మూయి."

"మూస్తే పడ్త, అయ్యా."

కొందరు కిసుక్కున నవ్వారు.

"మూయి!"

మూశాడు. రెండు క్షణాలు ఊగి, ఆడవాళ్ల మీద పడ్డాడు.

"తాగొచ్చిండు!" రాహేలు అరిచింది.

అబ్రహాం అతన్ని మెడపట్టి బయటికి నెట్టాడు.

"తాగలే అయ్యా. ఒక్క మాట..."

"తాగినోని మాట నేనినేదేంది? నడువ్!"

తలుపు మూసుకుంది. బయట చీకటి పడుతోంది.

పొద్దున్నే పక్క కాలువలో అతని శవం దొరికింది. నీళ్లు మోకాలి లోతే.

దవాఖాన కంపౌండర్ సిద్దిరాములు గుర్తుపట్టాడు. "అయ్యో, లింగం! శామీర్‌పేట బెస్తాయన."

"బెస్తాయన మోకాలి నీళ్లల్ల మునుగుడేంది? తాగిండు," అన్నాడు అబ్రహాం.

"సుక్క ముట్టడు, పెద్దయ్యా. లోతుల దుంకి చెవులు లోపల పాడైనయి. మనిషిని నిలబెట్టేది ఒక్క కాళ్లే గాదు. చెవి, కన్ను, కాలు మూడు కల్వాలె. చెవి పోయినోనికి కన్నే ఆసరా. చీకట్ల నీళ్లల్ల పడితే ఏది మీదో, ఏది కిందో గూడ తెల్వదు."

అబ్రహాం శవం ముఖంలోకి చూశాడు. తాను మూయించిన కళ్లు ఇప్పుడు తెరిచే ఉన్నాయి.

"ఎప్పుడు దుంకిండు?" అడిగాడు మెల్లగా.

సిద్దిరాములు శవం మొలకు కట్టి ఉన్న గుడ్డమూట విప్పాడు. ఎలీషమ్మ కాలికున్న కడియానికి జత బయటపడింది.