ముళ్ళపంది వద్దంది

“ముళ్ళపంది మళ్ళీ వద్దంది,” అంటూ అతను టోస్టు ముక్కని ప్లేటులో పడేశాడు.

ఆమె పక్కకి తిరిగి నవ్వు దాచుకుంది. పెళ్ళై నెల కాలేదు. మొగుడి అలక కూడా ముద్దొచ్చే రోజులవి.

ముళ్ళపంది అంటే మనిషే. అసలు పేరేమిటో, ఉండేదెక్కడో తెలియదు. అతనూ, ఆ మారుపేరు మనిషీ కలిసి లినక్స్ అనే ఉచిత కంప్యూటర్ వ్యవస్థలో బిల్డ్ టూల్‌ని జీతం లేకుండా చూసుకుంటున్నారు. ఎవరెవరో రాసిన ప్రోగ్రాములని కంప్యూటర్ నడిపేలా కూర్చిపెట్టే పనిముట్టు అది. దాని కొత్త వెర్షన్ వచ్చింది. ఎక్కించాలంటే ఇద్దరూ సరేననాలి.

“అంటే, కొత్త మిక్సీ కొంటే పాత జార్లు కొన్ని పట్టవు. అంతేగా?” అందామె.

“అంతే. పట్టని జార్లన్నీ కూర్చుని నేనే సరిచెయ్యాలి. వారం పడుతుంది.”

“శనివారం మనం సముద్రం దగ్గరికి వెళ్తున్నాం.”

అతను కప్పులోకి చూశాడు. “వాడు ఒప్పుకుంటే ఈ వారమే ఎక్కించేస్తాను. సముద్రం ఎక్కడికీ పోదుగా.”

ఆమె టీ కప్పు పక్కన పెట్టేసింది. ఆ ప్రయాణం కోసం కొన్న పసుపు టోపీని అలవాటు కావాలని రోజూ వంటింట్లో పెట్టుకుని తిరుగుతోంది. ఇప్పుడూ నెత్తిమీదే ఉంది.

కిటికీ దగ్గర అత్తగారు ల్యాప్‌టాప్‌లో పేకాట ఆడుకుంటోంది. లెక్కల టీచరుగా రిటైరయ్యాక ఆవిడకి అదే కాలక్షేపం.

“నెగ్గుతున్నారా అత్తయ్యా?”

“నెగ్గేలానే ఉన్నానమ్మా,” అందావిడ. మీటలు టకటకలాడాయి.

మర్నాడు అతను బోలెడు కారణాలు చూపించి పెద్ద మెయిలు రాశాడు. స్నానం చేసి వచ్చేసరికి జవాబు సిద్ధం.

“వారం ఆగితే కొంపలేం మునగవట. ఈలోగా నన్ను కాస్త గాలి పీల్చుకోమంటాడు. నా గాలి సంగతి వాడికెందుకు?”

“ఎవరో పెద్దాయనేమో,” అందామె. ఆ పెద్దాయనకి మనసులోనే దండం పెట్టుకుంది.

“పెళ్ళాం లేని గడ్డపాయన. ఇంట్లో మనుషులుంటే పొద్దస్తమానం నా మీద పడి ఏడవడు.”

“గడ్డం సంగతి నీకెలా తెలుసురా?” అంది అత్తగారు.

“అంత మొండిగా వాదించేవాళ్ళకి గడ్డం ఉంటుందమ్మా.”

“పాపం, పెళ్ళి చేస్తే బాగుపడతాడేమో,” అని ఆవిడ మళ్ళీ ఆటలో పడింది.

వారమంతా అదే యుద్ధం. ఇతను రాయడం, ముళ్ళపంది వద్దనడం. శుక్రవారానికి అతని ఓపిక అయిపోయింది.

“సరే, నీ ఇష్టమని రాసేశాను. పెట్టె సర్దు.”

పెట్టె ఎప్పుడో సర్దేసి ఉంది.

శనివారం రైలు కదలగానే ఆమె ఫోను మోగింది.

“పిల్లలూ, రైలెక్కారా?”

“ఎక్కాం అత్తయ్యా. టోపీ కూడా పెట్టుకున్నాను.”

“హాయిగా తిరిగి రండి. ఇక్కడి సంగతి నేను చూసుకుంటాను.”

ఆవిడ పెట్టేసిన కాసేపటికే అతని ఫోను టింగుమంది.

“ముళ్ళపంది,” అన్నాడు నీరసంగా.

“చూడకు.”

“ఒక్కటే.”

చూశాడు. నోరు తెరిచాడు. అలా తెరిచిన నోటితోనే ఫోనుని ఆమె వైపు తిప్పాడు. ముళ్ళపంది రాసింది ఒక్క వాక్యమే.

“పిల్లలు రైలెక్కేశారు, ఇక కొత్తది ఎక్కించేద్దాం.”