గోడ మీద రెండు ఫొటోలు

ఆ ఫిజియోథెరపీ క్లినిక్‌లో అడుగుపెట్టినవాళ్ళు ముందుగా చూసేది డాక్టరుగారిని కాదు, గోడ మీదున్న రెండు ఫొటోలను.

రెండూ పక్క నుంచి తీసినవే. రెంటిలోనూ ఒకే అమ్మాయి. ఎడమవైపు ఫొటోలో ఆమె భుజాలు ముందుకు ముడుచుకుపోయి, మెడ బయటికి పొడుచుకొచ్చి, వీపు గుండ్రంగా ఉంది. కుడివైపు ఫొటోలో నిటారుగా, చూడముచ్చటగా నిలబడి ఉంది. ఒకదాని కింద 'ముందు', రెండోదాని కింద 'తర్వాత' అని పెద్ద అక్షరాలు.

ఆ అమ్మాయి ఎవరో అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఫొటోలకు ఎదురుగా, కౌంటరు వెనక కూర్చుని పేర్లు రాసుకునే రిసెప్షనిస్టే. "సాక్ష్యం మా దగ్గరే ఉద్యోగం చేస్తోంది" అని డాక్టరుగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. అందరూ అటు తిరిగి చూస్తారు. గడ్డం దాకా ఎత్తున్న కౌంటరు మీదుగా ఆమె మొహం, ఏసీ చలికి కప్పుకున్న శాలువా అంచు కనిపిస్తాయి. ఆమె నవ్వుతుంది.

నగల డిజైన్లు గీసే ఒక అమ్మాయి ఆ నవ్వు చూసే వైద్యానికి చేరింది. ఇరవై మూడేళ్ళకే ఆమె వీపు వంగిపోయింది. రోజుకు పది గంటలు బల్ల మీద వాలి గీస్తే వంగక ఏమవుతుంది? తమ్ముడు 'కొక్కెం' అని పేరు పెట్టాడు. నానమ్మేమో ఈమెను చూపించి తన నడుము ఎంత గట్టిదో చుట్టుపక్కలవాళ్ళకు గొప్పలు చెప్పుకుంటోంది. వాటికి నవ్వి ఊరుకోవచ్చు. కానీ కొన్నాళ్ళుగా కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కి పెన్సిలు జారిపోతోంది. రెండు నెలల్లో చెయ్యి కుదుటపడకపోతే వేరేవాళ్ళను చూసుకుంటానని యజమాని తేల్చి చెప్పేశాడు.

డాక్టరుగారు పద్ధతి గల మనిషి. గుమ్మం తొక్కినవాళ్ళను మొదటిరోజే గళ్ళు గీసిన గోడ పక్కన నిలబెట్టి ఫొటో తీస్తారు. ఊడ్చే ఆవిడ పనిలో చేరిన రోజున ఆవిడనూ వదల్లేదు, చీపురుతో సహా తీశారు. ఎవరి వీపు ఎలా మారిందో కళ్ళారా చూడాలంటారాయన.

తర్వాత వ్యాయామాలు. తువ్వాలు చుట్టచుట్టి వీపు కింద పెట్టుకుని పడుకోవాలి. గోడకు ఆనుకుని చేతులు పైకీ కిందికీ జరపాలి. రబ్బరు పట్టీని రెండు చేతులతో వెనక్కి లాగాలి. ఇంటి దగ్గర జాగ్రత్తలు వేరే ఉన్నాయి. అరగంటకోసారి కుర్చీలోంచి లేవాలి. కంప్యూటరు కళ్ళ ఎత్తులో ఉండాలి. ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించకూడదు.

ఇవి చెబుతూ చెబుతూనే డాక్టరుగారు ఫలానా ఫైలు ఏదని కేకేస్తారు. రిసెప్షనిస్టు కూర్చున్నచోటు నుంచే జవాబిస్తుంది. పేషెంట్లు ఉన్నంతసేపూ ఆమె సీటు వదలకూడదు. కౌంటరు ఖాళీగా కనిపిస్తే క్లినిక్ పరువు పోతుందట.

అయిదు వారాలు గడిచాయి. వీపు అలాగే ఉంది. వేళ్ళూ అలాగే ఉన్నాయి. మానేద్దామా అనుకుంటూ ఆ పొద్దున వచ్చిన డిజైన్ల అమ్మాయి కౌంటరు దగ్గర ఆగింది.

"అక్కా, నాకు నిజం చెప్పండి. ఆ ఫొటోలు కంప్యూటర్లో చేసినవి కదూ?"

"కాదు. రెండూ నావే. దేన్నీ మార్చలేదు."

"మరి ఎన్నాళ్ళు పట్టింది?"

డాక్టరుగారి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. రిసెప్షనిస్టు అటు ఒకసారి చూసింది.

"మూడేళ్ళు" అంది మెల్లగా.

డిజైన్ల అమ్మాయికి నీరసం వచ్చేసింది. తన దగ్గర మూడు వారాలే ఉన్నాయి. అంతలో డాక్టరుగారు బయటికి వచ్చారు.

"తనకు బద్ధకం ఎక్కువమ్మా. ఒకరోజు చేస్తే నాలుగు రోజులు మానేసేది. నువ్వలా కాదు కదా, నీకు మూడు నెలలు చాలు" అన్నారు. రిసెప్షనిస్టు అవునన్నట్టు తలూపింది. ఎప్పటిలాగే నవ్వింది.

డిజైన్ల అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. అయినా ఎక్కడో ఓ మూల అనుమానం పీకుతూనే ఉంది.

"ఒక్కసారి లేచి నిలబడరా అక్కా? నా కళ్ళతో చూస్తే ధైర్యంగా ఉంటుంది."

రిసెప్షనిస్టు శాలువా సర్దుకుంది. లేవలేదు.

"అవతల ఫోను మోగుతోంది, తనను పని చేసుకోనీ" అన్నారు డాక్టరుగారు. "ఫొటో ఎదురుగానే ఉంది కదమ్మా. ఇంకా ఏం చూస్తావు?"

అంత పెద్దమనిషిని శంకించినందుకు డిజైన్ల అమ్మాయికి సిగ్గేసింది. ఇద్దరికీ క్షమాపణ చెప్పుకుంది. యజమాని కాళ్ళావేళ్ళా పడి గడువు పెంచమంటానంది. ఇంకో మూడు నెలలకు పేరు రాయించుకుని సంతకం పెడుతుంటే వేళ్ళ మధ్య నుంచి పెన్ను జారి కౌంటరు లోపల పడింది. రిసెప్షనిస్టు అది తీయడానికి వంగబోయి, ఆగిపోయి, ఇంకో పెన్ను ఇచ్చింది.

మధ్యాహ్నం పేషెంట్లంతా వెళ్ళిపోయారు. డాక్టరుగారు భోజనానికి కదిలారు. వెళ్తూ వెళ్తూ, ఫొటోల మీద దుమ్ము పేరుకుందని గుర్తు చేశారు.

రిసెప్షనిస్టు తలుపు గడియ పడేదాకా ఆగింది. బల్ల అంచు పట్టుకుని లేచి, తడిగుడ్డ తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. ఎడమవైపు ఫొటోను గబగబా తుడిచేసింది. కుడివైపు దాన్ని మాత్రం మూలమూలలా తుడుస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

ఆ కుడివైపు ఫొటోను డాక్టరుగారు ఆమె ఉద్యోగంలో చేరిన రోజున తీశారు, ఎడమవైపుది ఆ కుర్చీలో మూడేళ్ళు కూర్చున్నాక తీశారు.