సన్నటి ఊపిరి

తాగలేదని గొట్టంలోకి ఊది చూపిస్తే తప్ప ఏ బండీ కదలని రోజులవి. మిర్చి యార్డులో ఏళ్ల తరబడి ఘాటు మింగిన నాంచారమ్మ ఎంత గట్టిగా ఊదినా మధ్యలోనే దగ్గు. ఆమె నడిపే ఆటో "మళ్లీ ఊదండి" అంటూనే ఉంది.

"పొద్దున్నే మందేశావా అక్కా?" పక్క ఆటో యలమంద నవ్వాడు. నాంచారమ్మ ఆటోలో వెళ్దామని ఆగిన టీచరమ్మ కాస్తా అతని ఆటో ఎక్కేసింది.

నాంచారమ్మకు ఒళ్లు మండింది. పొయ్యిలో బూడిద లేవకుండా నిప్పు రాజేసినట్టు, ఈసారి సన్నగా, ఆగకుండా ఊదింది.

"మద్యం లేదు. బయల్దేరండి."

యలమంద ఛాతీ విరుచుకుని ఒక్క ఊపున ఊదాడు. "మద్యం ఉంది" అని అతని ఆటో స్టాండంతటికీ వినిపించింది.

టీచరమ్మ దిగింది. నాంచారమ్మ సీటు దులిపి కూర్చోబెట్టుకుంది.

"గట్టి ఊపిరిరా నీది, యలమందా. ఏదీ దాచుకోదు."