గాజుల ప్రోగ్రాం

ఆనందరావుకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ సాయంత్రం అది నెత్తికెక్కింది.

ఫలక్‌నుమా దగ్గరి ఆ ఫ్యాక్టరీకి కంప్యూటర్ వచ్చి ఏడాది కాలేదు. దుమ్ము పడకూడదని, ఎంతటివాడైనా చెప్పులు బయట విడిచే ఆ కంప్యూటర్ గదిలోకి పోవాలి. తలుపులు మూసి ఏసీ వేస్తారు. లోపల ఆనందరావు మాటే శాసనం.

తెల్లారితే జీతాల ప్రోగ్రాం పెద్దసారుకు చూపించాలి. బల్ల మీది కాగితం తీసి చూస్తే వరసలు లేవు. ప్రోగ్రాం అక్షరాలన్నీ గుండ్రంగా గాజుల్లా పేర్చి ఉన్నాయి.

“ఎవరిదీ కోతిపని?”

వెనక బల్ల దగ్గర రాజమణి లేచింది. పక్కనున్న జహనుమా బస్తీ పిల్ల. టెంపరరీ. ఈ ప్రోగ్రాం పెద్దసారుకు నచ్చితేనే ఆమెకు పర్మినెంటు.

“నేనే సార్. ఏ ప్రోగ్రాం ఇచ్చినా గాజులెక్క, పతంగిలెక్క పేర్చేటట్టు ఇంకో చిన్న ప్రోగ్రాం రాసిన. నడుమ ఖాళీలు మార్తయి గంతే. మిషన్‌కు ఫరక్ పడదు. నడిపి చూడుండ్రి.”

నడిపారు. పైసా తేడా రాలేదు. పక్కబల్లల వాళ్లు కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వుకే ఆనందరావు ఒళ్లు మండింది.

“ఇది ఆఫీసనుకున్నవా, గాజులమ్మే లాడ్ బజార్ అనుకున్నవా? రేపు పెద్దసారు ముంగట నా ఇజ్జత్ తీస్తవా?”

“పెద్దసారుకు మామూలు కాపీ తీసి పెట్టిన సార్. గిది నేను ఇంటికి తీస్కపోయేది.”

“ఇంటికా! ముందు ఆ బొమ్మల ప్రోగ్రాం తుడిపెయ్.”

“నన్నెంతైనా తిట్టుండ్రి సార్. దాన్ని మాత్రం ఉంచుండ్రి.”

“ఎందుకట?”

రాజమణి అందరి ముఖాలూ చూసింది. ఇంతమంది మగవాళ్ల ముందు ఇంటి సంగతి ఎట్లా చెబుతుంది? తల దించుకుంది.

ఆనందరావు తానే కూర్చుని దాన్ని తుడిపేశాడు.

అంతటితో చల్లారితే ఆయన ఆనందరావు ఎందుకవుతాడు? గాజుల కాగితం పట్టుకుని విసవిసా బయటికొచ్చాడు.

చెప్పుల దగ్గర ఒక ముసలామె కూర్చుని ఉంది. కొన్నాళ్లుగా ఈ వేళకు అక్కడే కనిపిస్తోంది. పోయిన వారమే ఆయన కొత్త చెప్పులు పోయాయి.

“ఏందమ్మా, ఇయ్యాల ఎవరి చెప్పులు?”

“చెప్పులు కాదు సార్. కాగితం కోసం కూసున్న.”

ఆయన చేతిలోది చూడగానే ఆమె ముఖం వెలిగింది.

“గదే సార్! ఇయ్యాల గాజులొచ్చినయా?”

“బజ్జీలు కట్టుకోనీకా?” కాగితాన్ని పరపరా చించి ఆమె కాళ్ల ముందు పారేశాడు. “దొంగమొకమా! మళ్ల గీడ కనవడ్డవంటే పోలీసులకు పట్టిస్త.”

ఆమె ముక్కలన్నీ ఏరుకుంది. రెండు ముక్కలు దగ్గర పెట్టి, గాజు అతుకుతుందేమో చూసింది. కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పెద్దసారు జీతాల ప్రోగ్రాం చూసి మురిసిపోయారు.

“రాసిన అమ్మాయిని పిలవండి. పర్మినెంటు ఆర్డరు ఇప్పుడే ఇస్తాను.”

రాజమణి రాలేదు.

ఆనందరావు గేటు కాపలా బీరయ్యను సైకిలు మీద జహనుమాకు తోలాడు. బీరయ్య ఒక్కడే తిరిగొచ్చాడు.

“ఇగ రాదట సార్. తలుపులు మూసిన రూంల ఆడపిల్లకేం పని అని తండ్రి, అన్నలు మొదటి సంది లొల్లే. తల్లి కొమురమ్మ ఒక్కతే కొట్లాడి పంపేది. ఆమె గాజులకు రాళ్లద్దుతది, సదువు రాదు. గందుకే ఆ పిల్ల తన పనిని రోజూ బొమ్మలెక్క తీసిచ్చేదట. అది సూపిచ్చి, ‘గిది నా బిడ్డ చేసిన పని’ అని తల్లి అందరి నోర్లు మూయించేదట.”

“మంచిదే కద! పర్మినెంటని ఆ తల్లికి చెప్పకపోయినవా?”

“చెప్పిన సార్. ఇప్పుడు వద్దంటున్నది ఆమెనే.”

“ఆమెనా? ఎందుకు?”

బీరయ్య గుమ్మం బయటి చెప్పుల వైపు చూశాడు.

“నిన్న మీరు కాగితం చింపి ఎల్లగొట్టిన చెప్పుల దొంగ, ఆమెనే సార్.”